బుడ్డోడి కొమ్ము

బోడిమిట్టపల్లెలో చెంచమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. గిద్దలూరు సంతలో ఉన్ని కొనే వ్యాపారులు సైతం ఆమె గంప దించిందంటే చాలు, బేరం జోలికి పోకుండా కడపటి ధర ముందే చెప్పేసేవాళ్ళు. అట్లాంటి చెంచమ్మ మాఘమాసంలో ఒక పొద్దున దొడ్లో చతికిలబడి, పొట్టేలు తల ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆమె మొగుడు ఆదెయ్య పక్కనే గొంతుక్కూర్చుని, ఏం చెప్పి ఊరుకోబెట్టాలో తెలియక గడ్డం గీరుకుంటున్నాడు.

ఆ పొట్టేలు పేరు బుడ్డోడు. పేరు పెట్టిన నాటికి నిజంగా బుడ్డోడే. ఈనిన రెండో రోజే తల్లి చచ్చిపోతే, చెంచమ్మ పాత చీర ముక్కలో చుట్టి, మేకపాలు పట్టి పెంచింది. ఇప్పుడు వాడికి పదేళ్ళు. గొర్రెల్లో పదేళ్ళంటే ముత్తాత కింద లెక్క. పళ్ళు అరిగాయి, మోకాళ్ళు కాయలు కాశాయి, కానీ దర్జాకు మాత్రం లోటు లేదు. మందతో పాటు అడవికి పోడు. వసారాలో పడుకుంటాడు. పొద్దున జొన్నరొట్టె తింటాడు, అదీ ఆదెయ్య తినే రొట్టెలోంచే తుంచి పెట్టాలి. ఆదెయ్య రొంటిన పొగాకు కాడ కనపడితే లాగి నమిలేస్తాడు. ఎవరైనా వంగి కనిపించారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

ఇంత ముద్దు చేసిన పొట్టేలు అసలు చెంచమ్మది కానే కాదు, అంకాలమ్మ తల్లిది. పదేళ్ళ కిందట ఊళ్ళోకి వాంతిభేది వచ్చి, ఆదెయ్య గుడ్లు తేలేశాడు. చెంచమ్మ జుట్టు విరబోసుకుని గుడికి పరిగెత్తి, "తల్లీ, నా మొగుణ్ణి నాకు ఇడిచిపెట్టు. మా మందలో ముందు పుట్టే పొట్టేలుపిల్ల నీది" అని మొక్కుకుంది. తెల్లారేసరికి ఆదెయ్య కళ్ళు తెరిచి సంగటి అడిగాడు. ఆ నెలలోనే బుడ్డోడు పుట్టాడు. వాడి తల్లి బతికుంటే వాడూ మందలో పదిమందితో పాటు పెరిగి, వేళకు అమ్మవారికి చేరేవాడు. తల్లి చచ్చిపోయి వాడు ఇంట్లోకి రావడంతో వచ్చింది తంటా అంతా.

ఇక చూడండి చెంచమ్మ తెలివి! మొదటి ఏడు అమ్మవారి జాతర, అదే కొలుపు నాటికి వాడు మరీ పసివాడంది. రెండో ఏడు దాయాదుల ఇంట్లో చావు, మైల అంది. ఇంకో ఏడు వానల్లేక కొలుపే జరగలేదు. ఆ మరుసటి ఏడు వాడి కాలు మెలిక పడిందని గుడ్డ కట్టి చూపించింది. అంకాలమ్మకు ఇచ్చే జంతువు ఏ వంకా లేనిదై ఉండాలి. కుంటిది, గుడ్డిది, చెవి చిరిగినది, కొమ్ము విరిగినది తల్లికి పనికిరాదు. కాబట్టి ఊరు ఊరుకుంది. కొలుపు అయిన మర్నాడే ఆ కుంటి పొట్టేలు కళ్ళంలో వంగి కంకులు ఏరుకుంటున్న ఊరి పెద్ద గురవయ్యను వెనక నుంచి పొడిచి బోర్లా పడేసింది. అప్పటి నుంచి ఏటేటా ఆమె చెప్పే కొత్త సాకును గురవయ్య వేళ్ళు మడిచి లెక్క పెడుతూనే ఉన్నాడు. ఈ ఏడు మాత్రం చెంచమ్మ చుట్టాలంతా కట్టగట్టుకుని పోయినా సరే, పొట్టేలు తప్పదని పదిమందిలో చెప్పేశాడు.

ఇదిగో, సరిగ్గా ఈ ఏడే వాడికి జబ్బు చేసింది. కుడి కొమ్ము చుట్టు తిరిగి తిరిగి, మొన వచ్చి కంటి కింద గుచ్చుకుంది. చీము పట్టింది, పురుగు చేరింది. చెంచమ్మ సీతాఫలం ఆకు నూరి పసరు పిండింది, పసుపూ కర్పూరమూ అద్దింది. ఏదీ పనిచేయలేదు. రెండు రోజులుగా బుడ్డోడు రొట్టె ముట్టడం లేదు. ఆదెయ్య పొగాకు కాడ ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పుకున్నాడు. దాంతో చెంచమ్మకు ధైర్యం జారిపోయింది.

ఆ పొద్దునే ఊళ్ళో పశువులకు సూదిమందు వేయడానికి గిద్దలూరు పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఏబేలు వచ్చాడు. చెంచమ్మ అతన్ని చేయి పట్టుకుని దొడ్లోకి లాక్కొచ్చింది. ఏబేలు కూర్చుని, మెల్లగా ఉన్ని విడదీసి చూసి, నాలుక చప్పరించాడు.

"ఇది పసర్లకు లొంగేది కాదు పెద్దమ్మా. మొన లోపలికి దిగింది. డాక్టరు గారు రంపంతో కోసి తియ్యాల. గిద్దలూరు తోలుకరాండి."

"ఖర్చెంతయితుంది నాయనా?"

"మత్తుమందు, కట్లు, వారం దినాలు ఆడ పెట్టుకునేది, అంతా కలిపి పది రూపాయలు."

ఆదెయ్య నోరెళ్ళబెట్టాడు. "పది రూపాయలా! రెండు పొట్టేళ్ళు వస్తాయి గదప్పా! నాకు వాంతిభేది వచ్చినప్పుడు గూడా అంత కాలేదే!"

"నీకు కొమ్ముల్లేవు గదా" అంది చెంచమ్మ ముక్కు చీదుతూ.

ఇంట్లో ఉన్న డబ్బంతా మొన్ననే అడవి మేతకు పుల్లరి కట్టేశారు. ఉన్ని కత్తిరించడానికి ఇంకా వేళ కాలేదు. అప్పు అడుగుదామంటే, ముసలి పొట్టేలు వైద్యానికి అప్పిచ్చే పిచ్చివాడు గిద్దలూరు తాలూకాలోనే లేడు. చెంచమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి నేరుగా గురవయ్య ఇంటికి నడిచింది.

"అన్నా, నా మాట ఇను. బుడ్డోడు ఎవరి సొమ్ము?"

"అమ్మవారి సొమ్ము. నువ్వే మరిచిపోయినావు ఇన్నేండ్లు" అన్నాడు గురవయ్య.

"ఇప్పుడు గుర్తొచ్చింది. అమ్మవారి సొమ్ము పురుగులు పట్టి చస్తాంటే ఊరు చూస్తా కూసుందంటే, తల్లికి కోపం రాదా? ఆ పాపం నాకొక్కదానికేనా, ఊరందరికీనా?"

మొక్కు పొట్టేలు కొలుపుకు ముందే రోగంతో చచ్చిపోతే మంచిది కాదని గురవయ్యకూ భయమే. "కొమ్ము మొన కోస్తే దోషం లేదులే, గోరు తీసినట్టే గదా" అని తనకు తానే సర్ది చెప్పుకుని, ఊళ్ళో చందా వేద్దామన్నాడు. డబ్బు మాత్రం తన దగ్గరే ఉండాలన్నాడు. చెంచమ్మ దేనికైనా సరేనంది.

చందాకు బయల్దేరిన చెంచమ్మ సంబరం మొదటి ఇంటి దగ్గరే చల్లబడింది. పుల్లయ్య అణా తీసి చేతిలో పెడుతూ, "చెల్లే, వెనక తొడ నాకు. కొలుపుకు అల్లుడొస్తుండాడు" అన్నాడు. రాఘవమ్మ అర్ధణా ఇచ్చి, "నాకు పండ్లు లేవే, కాలేయం చాలు. మెత్తగా ఉంటది" అంది. రంగయ్య పైసా పైసా పంచె కొంగులో నుంచి విప్పి లెక్కపెట్టి ఇస్తూ, వాడు ముసలోడు కాబట్టి మూలుగు చిక్కగా ఉంటుందనీ, మూలుగు బొక్కలు వేరే ఎవరికీ మాటివ్వొద్దనీ గట్టిగా చెప్పాడు. ఇట్లా ఇంటింటికీ ఒక్కో ముక్క. చెంచమ్మ పైకి నవ్వుతూ తల ఊపింది. లోపల మాత్రం ఆ డబ్బులు వాళ్ళ మొహాన కొట్టి రావాలని ఉంది.

చివరగా వెంకటలక్ష్మమ్మ ఇల్లు. ఈమె ఊరి గణాచారి. కొలుపు నాడు అమ్మవారు పూనేది ఈమె మీదికే. మొక్కు పొట్టేలు తలకాయ గణాచారికి చెందడం తాతల నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ. వెంకటలక్ష్మమ్మకు తలకాయ కూర అంటే ప్రాణం. ఆమె ఎవరూ అనుకోనంతగా పావలా బిళ్ళ తీసి ఇచ్చింది.

"వదినా, నా తలకాయ జాగర్త! ఆ డాక్టరు మెదడు గిదడు గెలుకుతాడేమో, దగ్గరుండి చూసుకో."

"నీ తలకాయకేం కాదులే వదినా" అని చెంచమ్మ ఇంటికి వచ్చింది. వచ్చి బుడ్డోడి మొహం చూడలేకపోయింది. "నేను వీడి వైద్యానికి డబ్బు దండినానా, వీడి కూరకు దండినానా?" అని ఆదెయ్య మీద పడి కొట్టినంత పని చేసింది.

"ముందు వాణ్ణి బతకనీవే" అన్నాడు ఆదెయ్య. "కొలుపుకు ఇంకా నెల్లాళ్ళుంది. అప్పటికి ఏదో ఒక మైల దొరక్కపోతుందా?"

మర్నాడు గురవయ్య బండి కట్టాడు. డబ్బు మూట రొంటిన దోపుకుని ముందు కూర్చున్నాడు. చెంచమ్మ వెనక గడ్డి మీద బుడ్డోడి తల ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా ఈగలు తోలింది. ఆదెయ్య బండి పక్కన నడిచాడు. గిద్దలూరు చేరేసరికి మధ్యాహ్నం రైలు కూత వినపడింది. ఆ కూతకు ఎడ్లు బెదిరాయి గానీ, బుడ్డోడు కళ్ళు కూడా విప్పలేదు.

డాక్టరు నెల్లూరు వైపు మనిషి. వయసులో చిన్నవాడే అయినా విసుగు లేదు. ఏబేలు పొట్టేలును పట్టుకుంటే, కొమ్ము మొదట్లో వేళ్ళతో నొక్కి నొక్కి చూశాడు. నొక్కిన చోటల్లా చీము ఉబికింది.

"మొన ఒక్కటే అయితే చిటికెలో అయిపోయేది. కొమ్ము మొదలు కూడా కుళ్ళింది. మొత్తం తీసేయాలి. తీసేస్తే బతుకుతుంది. ఇంకా రెండు మూడేళ్ళకు ఢోకా ఉండదు."

గురవయ్య చప్పున లేచి నిలబడ్డాడు.

"మొత్తమా? అట్ల కుదర్దు సామీ. ఇది అమ్మవారి పొట్టేలు. కొమ్ము లేకపోతే మొక్కుకు పనికిరాదు. మొన కోసి కట్టు కట్టండి చాలు."

"మొన కోస్తే నొప్పి తగ్గుతుంది. మేత కూడా తింటుంది. కానీ లోపలి కుళ్ళు పోదు కదా. ఒక నెల, నెలన్నర నిలబడుతుందేమో. ఆ తరువాత నా పూచీ లేదు."

"నెల చాలు!" అన్నాడు గురవయ్య మొహం వికసించి. "కొలుపు దాకా నిలబడితే అంతే చాలు మాకు!"

డాక్టరు అయోమయంగా చెంచమ్మ వైపు చూశాడు. పొట్టేలు ఆమెదని ఒళ్ళో తలే చెబుతోంది. చెంచమ్మ నోరు తెరిచింది. మొత్తం తీసేయండి అనాలనే తెరిచింది. ఇంతలో వాకిట్లో ఆదెయ్య కనిపించాడు, తలపాగా విప్పి చెమట తుడుచుకుంటూ. పదేళ్ళ కిందటి రాత్రి ఆ కళ్ళు ఎట్లా తేలిపోయాయో, ఆ చేతులు ఎట్లా చల్లబడ్డాయో ఆమెకు గుర్తుకొచ్చింది. అమ్మవారు తన మాట నిలుపుకుంది. తను ఇప్పుడు మాట తప్పితే? ఇచ్చినది తిరిగి తీసుకుపోతే?

బుడ్డోడి చెవి నిమురుతూ, తల ఎత్తకుండా అంది. "మొనే కొయ్యండయ్యా."

ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించిన మనిషి కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

"మొదలుకంటా కొయ్యండి" అన్నాడు ఆదెయ్య వాకిట్లోంచి.

అందరూ అటు తిరిగారు.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు గురవయ్య. "నీ పాణం మీద మొక్కిన మొక్కు అది!"

"అందుకే చెప్తుండా. మొక్కింది నా పెండ్లాం, బతికింది నేను. అమ్మకు కోపమొస్తే వచ్చేది నా మీదికి. మధ్యలో మీకేంది? పదేండ్లు వాడూ నేనూ ఒకే రొట్టె తిన్నాం. రేపు వాడి కూర నా ముందర పెడితే గొంతు దిగుతాదా?"

"నువ్వు పోతే నేనేం కావాలయ్యా?" అని అరిచింది చెంచమ్మ.

"వాడుంటాడు గదా, నిన్ను కుమ్మేదానికి!"

"పాడు నోరు! ఆసుపత్రిలో కూడా అదే నోరా!" చెంచమ్మ తిట్టబోయి ఏడ్చేసింది. మొగుడి మీద కోపం వచ్చింది. ఆ కోపం వెనకాలే, ఈ మనిషి తనకు దొరకడం ఎన్ని జన్మల పుణ్యమోనని కూడా అనిపించింది. అదంతా పైకి చెప్పే అలవాటు లేక, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆదెయ్య చేతికున్న వెండి కడియం లాగి తీసి డాక్టరు బల్ల మీద పెట్టాడు. "ఊరి డబ్బు మీకొద్దు సామీ. ఇది పెట్టుకోని కొయ్యండి."

గురవయ్య ఆ కడియం వైపు చూశాడు. అది ఆదెయ్య నాయన చేతిది, గురవయ్య చిన్నప్పటి నుంచీ ఎరుగును. ఆయన మొహం మాడ్చుకుని, గొణుక్కుంటూ, రొంటినున్న మూట తీసి బల్ల మీద పడేశాడు. కడియం తీసి ఆదెయ్య చేతిలో కుక్కాడు.

"మొన కోసేదానికని ఇచ్చినా. ఆ తర్వాత మీరు ఎంత కోసుకున్నారో నేను సూడలా" అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రంపం చప్పుడు ఆగిందాకా ఆ పెద్దమనిషి ఇటు తిరిగితే ఒట్టు.

వారం రోజులు మొగుడూ పెళ్ళాలు ఆసుపత్రి వెనక కొట్టంలోనే మూడు రాళ్ళు పెట్టుకుని వండుకున్నారు. బుడ్డోడు మొదట నీళ్ళు తాగాడు. తర్వాత గంజి తాగాడు. తర్వాత ఆదెయ్య పొగాకు కాడ మాయమైంది. కట్టు మార్చడానికి సామాను సర్దుకుంటూ వంగిన ఏబేలును వెనక నుంచి ఒక్క పోటు పొడిచేసరికి, అతను మందు సీసాతో సహా గడ్డివాములో పడ్డాడు. డాక్టరు పగలబడి నవ్వి, ఇక ఇంటికి తోలుకుపొండి అన్నాడు.

ఊళ్ళోకి ఒంటికొమ్ము పొట్టేలు అడుగుపెట్టేసరికి ఇంకేముంది, జనం గుమిగూడారు. అణాలిచ్చిన వాళ్ళంతా ఒక్కసారిగా గురవయ్య మీద పడితే, ఆయన "నేను గోడ దిక్కు సూస్తుంటి" అని ఒక్కటే మాట పట్టుకున్నాడు. ఆదెయ్య రెండు చేతులూ ఎత్తాడు.

"అయ్యా, అమ్మా! మా మందలో ఎర్ర పొట్టేలు ఉంది. కుర్రది, మెత్తంది. కొలుపుకు దాన్నిస్తా. ఎవరికి చెప్పిన ముక్క వాళ్ళకు అందుతాది. తొడకు తొడ, కాలేయానికి కాలేయం."

ఈ మాటతో సగం మంది చల్లబడ్డారు. కుర్ర పొట్టేలు అంటే రాఘవమ్మ బోసినోటికి మరీ మంచిది కదా. కానీ వెంకటలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. బుడ్డోడి తల మీద కొమ్ము పోయిన చోటు చూసి, సొంత ఇల్లు కూలినంతగా దిగులు పడింది.

"తినేదానికి ఏ పొట్టేలైనా ఒకటే. అమ్మ అడిగింది దీన్ని. అది కావాల్నో, వద్దో, ఈయనకేదన్నా శిక్ష వెయ్యాల్నో చెప్పాల్సింది తల్లి. కొలుపు నాడు అడుగుదాం" అంది.

అందరూ అదే సరైన మాటన్నారు. చెంచమ్మకు అన్నం సయించడం మానేసింది. ఆదెయ్య తుమ్మితే ఉలిక్కిపడేది, దగ్గితే నుదురు తాకి చూసేది. అతను మజ్జిగ తాగి కడుపులో గడబిడగా ఉందన్న రోజు ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. తీర్పు చెప్పాల్సిన తల్లి పూనేదేమో తలకాయ పోగొట్టుకున్న మనిషి మీదికి. ఆలోచించి ఆలోచించి, ఒక పొద్దున ముంత నిండా గొర్రె నెయ్యి కాచి పట్టుకుని వెంకటలక్ష్మమ్మ ఇంటికి పోయింది.

"వదినా, మన పాత పొత్తు మరిచిపోవద్దు. తల్లితో మంచిగా చెప్పు."

వెంకటలక్ష్మమ్మ నెయ్యి వాసన చూసి, ముంత లోపల పెట్టి వచ్చింది.

"నెయ్యిస్తే నేను తింటా. కానీ అమ్మొచ్చినప్పుడు నేనుండనే. ఆయమ్మ ఏం చెప్తాదో నాకెట్ల తెలుసు?" అంది. అందులో కోపం లేదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. చెంచమ్మ నెయ్యీ పోయి, మాటా దొరక్క ఉత్త చేతులతో ఇంటికి వచ్చింది.

కొలుపు రానే వచ్చింది. ఆ రోజు తెల్లారినప్పటి నుంచి చెంచమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. ముగ్గు వేసి తొక్కింది, దీపం పెట్టి ఆర్పింది. ఆ హడావిడిలో బుడ్డోడికి రొట్టె పెట్టడం పదేళ్ళలో మొదటిసారి మరిచిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుడి ముందు పంబలు మోగాయి. పసుపు పూసుకుని, రెండు చేతుల్లోనూ గుబురుగా వేపమండలు పట్టుకున్న వెంకటలక్ష్మమ్మ ఊగిపోతోంది. ఆమె కళ్ళు మారాయి. గొంతు మారింది. పంబలవాళ్ళు చప్పుడు ఆపారు.

గురవయ్య చేతులు జోడించాడు. "తల్లీ, నీకు మొక్కిన పొట్టేలు అంగం చెడింది. ఏం చెయ్యమంటావు?"

"నా సొమ్ము మీద రంపం పెట్టించింది ఎవర్రా బాలా?"

"నేనే తల్లీ" అని ఆదెయ్య ముందుకొచ్చాడు. చెంచమ్మ అతన్ని పక్కకు తోసి అడ్డంగా నిలబడింది.

"కాదు తల్లీ, నేను! మొక్కింది నేను, మాట తప్పింది నేను. ఈయనకేం తెలీదు, ఉత్త అమాయకుడు!"

"అమాయకుణ్ణేంది? కొయ్యమని నోటితో చెప్పింది నేను!"

"నువ్వు నోర్ముయ్యి!"

"ఆపండి!" తల్లి గద్దించింది. "నా సొమ్ము తెండి. నీళ్ళు పొయ్యండి. నేనడిగితే వాడే చెప్తాడు."

మొక్కు జంతువు మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలించిందా, తల్లి ఒప్పుకున్నట్టు, కత్తి పడాల్సిందే. మూడు చెంబులకూ విదిలించకపోతే వద్దన్నట్టు. కానీ నీళ్ళు పడితే ఒళ్ళు విదిలించని గొర్రె ఎక్కడుంది? ఆ ఊళ్ళో ఇప్పటిదాకా ఏ జంతువూ మూడో చెంబు దాకా కూడా రాలేదు. అంటే కొమ్ము లేకపోయినా తల్లికి వాడే కావాలన్నమాట. చెంచమ్మ బుడ్డోణ్ణి తీసుకొచ్చి తల్లి ముందు నిలబెట్టింది.

పొద్దున్నుంచి కడుపు మాడుతున్న బుడ్డోడు ముక్కు పైకెత్తి వాసన చూశాడు. ఎదురుగా లేత చిగుళ్ళతో వేపమండలు. రెండడుగులు ముందుకేసి తల్లి చేతిలోని మండను పట్టుకుని లాగాడు. జనం హాహాకారాలు చేశారు. గురవయ్య బుగ్గలు నొక్కుకున్నాడు. తల్లి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మొదటి చెంబు వీపు మీద పోశారు. బుడ్డోడు కసకసా నములుతున్నాడు. రెండో చెంబు మెడ మీద పోశారు. నీళ్ళు చెవుల్లోంచి కారుతున్నా వాడు ఇంకో రెమ్మ అందుకున్నాడు. మూడో చెంబు గురవయ్యే తీసుకుని నేరుగా నెత్తి మీద కుమ్మరించాడు. చెంచమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "కదలాకు నాయనా, కదలాకు నాయనా" అని గొణిగింది. వాడు కదల్లేదు. నీళ్ళోడుతూ నిలబడి, తల్లి చేతిలో ఉన్న ఆఖరి ఆకు దాకా తిని, ఖాళీ అయిన ఆ అరచేతిని నాకాడు.

తల్లి వాడి ఒంటి కొమ్ము పట్టుకుని, కొమ్ము పోయిన చోట అరచెయ్యి పెట్టి నిమిరింది.

"నా చేతిలోది తిన్నోణ్ణి నేనెట్ల తింటానే? వీడింక నా బిడ్డ. మీ ఇంట్లోనే పెరగనీ."

చెంచమ్మ రెండు చేతులూ జోడించింది గానీ, అసలు భయం ఇంకా లోపలే ఉంది. అది అడగకుండా ఇంటికి పోతే బతికినన్నాళ్ళూ నిద్ర పట్టదు. ధైర్యం కూడగట్టుకుని ఆ ఒక్కటీ అడిగేసింది.

"మరి నా మొగుడు తల్లీ?"

తల్లి ఆదెయ్యను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"వాడు నాకెందుకే? నువ్వే ఏలుకో!"

పుల్లయ్య ముందు నవ్వాడు, ఆ వెనక ఊరంతా నవ్వింది. పంబలవాళ్ళు నవ్వు ఆపుకోలేక కర్రలు జారవిడిచారు. ఆదెయ్య మొహం వేలాడేసుకుని, "అమ్మక్కూడా పనికిరాలేదా నేను!" అన్నాడు. చెంచమ్మ పదిమందిలో ఏనాడూ మొగుడి చెయ్యి పట్టుకున్న మనిషి కాదు. ఆ పూట రెండు చేతులా అతని భుజం పట్టుకుని, ఊరంతా చూస్తుండగా, నవ్వుతూ ఏడ్చింది. ఆదెయ్య కదలకుండా అట్లే నిలబడ్డాడు.